గేటు నుంచి మట్టి దాకా ఎంత దూరం?

హైదరాబాదులో ఇల్లు వెతుక్కునే ప్రతివాళ్ళ దగ్గరా ఓ కొలబద్ద ఉంటుంది. ఒకరికి ఆఫీసు ఎంత దూరం, ఇంకొకరికి స్కూలు బస్సు గేటు దాకా వస్తుందా రాదా, మా మావయ్యగారికైతే ముందు తూర్పు ఫేసింగు, తర్వాతే మిగతావన్నీ. మంజీరా నీళ్ళా, బోరా, ట్యాంకరా అన్నది అందరికీ కామన్. నాది ఇంకో కొలబద్ద. గేటు దాటిన ఎన్ని నిమిషాలకి టైరు కింద తారు అయిపోయి మట్టి మొదలవుతుంది? ఈ మాట ఓ బ్రోకరుతో అంటే, "మట్టి రోడ్డని ఫికర్ చెయ్యకు సార్, ఆర్నెల్లల్ల సీసీ పడ్తది" అని భరోసా ఇచ్చాడు :)

మౌంటెన్ బైకింగ్ చేస్తానని చెబితే మనవాళ్ళు వెంటనే అడిగేది "ఏ బండి? బులెట్టా, హిమాలయనా?" అని. కాదండీ బాబూ, తొక్కే సైకిలే. లావుపాటి గళ్ళ టైర్లు, ముందు ఫోర్కులో స్ప్రింగు, గుట్టలెక్కడానికి చిన్న గేర్లు, అంతే తేడా. దాంతో తారు రోడ్డు మీద వెళ్ళడమంటే ట్రాక్టరేసుకుని కూరగాయలకి వెళ్ళినట్టు. వెళ్ళొచ్చు, కానీ సుఖం ఉండదు. దానికి కావాల్సింది గొర్రెలు నడిచి నడిచి పడిన బాట, బండల మధ్య సందు, చెరువు కట్ట, పొలాల మధ్య డొంక.

దూరం గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, మన ఉద్యోగాల్లో మిగిలేది పొద్దున పూటే. రాత్రి అమెరికా వాళ్ళతో కాలు పదిన్నరకి తెమిలితే, పొద్దున ఐదున్నరకి లేస్తే, ఎనిమిదింటికల్లా పాపని బస్సెక్కించాలి. చలికాలంలో తెల్లారేసరికే ఆరూముప్పావు. చేతిలో ఉన్నది గంట. అందులో అరగంట లారీల మధ్య పోతే సైకిలు తొక్కినట్టా, ప్రాణం తొక్కుకున్నట్టా? కారు వెనక ర్యాకు పెట్టుకుని అనంతగిరి వెళ్ళొచ్చు కదా అంటారు. వెళ్ళొచ్చు, నెలకి ఒకటి రెండుసార్లు. ర్యాకు బిగించి, తాడు కట్టి, ఎనభై కిలోమీటర్లు పోయి, మళ్ళీ అదంతా విప్పడం యాత్ర కిందకొస్తుంది. నేనంటున్నది మంగళవారం పొద్దున సంగతి. మంగళవారం తొక్కగలిగితేనే ఆ ఇల్లు పనికొచ్చినట్టు లెక్క.

దూరం తర్వాత చూడాల్సింది నేల. దీన్ని ఎవరూ పట్టించుకోరు. హైదరాబాదు కూర్చున్నది దాదాపు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు మీద. అది అరిగి రాలిన ఎర్ర ఇసుక నేలని ఇక్కడ చెల్క అంటారు. రాత్రంతా వాన కొట్టినా చెల్క నీళ్ళని పీల్చేసుకుంటుంది, మర్నాడు సాయంత్రానికల్లా సైకిలు నడుస్తుంది. పైగా టైరు దానిమీద జారకుండా పట్టుకుంటుంది. బండల మీద సంగతి సరేసరి, పొడిగా ఉన్నంతసేపూ గరుకు కాగితం మీద వెళ్ళినట్టే. అదే పడమర వైపు, చేవెళ్ళ, శంకర్‌పల్లి దాటి పోతున్నకొద్దీ నల్లరేగడి తగులుతుంది. దక్కను లావా పరిచిపోయిన నేల. పత్తికి బంగారం, సైకిలుకి శత్రువు. నాలుగు చినుకులు పడితే చాలు, టైరుకి అంటుకుని, ఫోర్కులో ఇరుక్కుని, గేర్లలో కూరుకుని, పది అడుగుల్లో చక్రం తిరగడం ఆగిపోతుంది. అప్పుడు సైకిల్ని భుజాన వేసుకోవాలి, ఆ బరువు మామూలు బరువు కాదు. వికారాబాదు, అనంతగిరి చేరాక మళ్ళీ ఎర్రరాయి వస్తుంది, అది వేరే అందం. కాబట్టి జూన్ నుంచి అక్టోబరు దాకా కూడా తొక్కాలనుకునేవాళ్ళు ఇంటి వాస్తుకన్నా ముందు మట్టి రంగు చూసుకోవాలి.

ముళ్ళ సంగతి కూడా చెప్పేస్తాను. బీడు పడిన ప్లాట్లలో పల్లేరు కాయలు, చెరువు గర్భాల్లో సర్కారు తుమ్మ. ట్యూబు టైర్లతో వెళితే ఒక్క ఆదివారంలో మూడు పంక్చర్లు. ట్యూబ్‌లెస్ చేసి లోపల సీలెంటు పోయించుకోవడం తప్ప మార్గం లేదు. మన ఎండకి అది రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది, మళ్ళీ పోయాలి.

ఇక పేటలు. అందరిలాగే నేనూ ముందు పడమర చూశాను, ఆఫీసులన్నీ అక్కడే కదా. ఖాజాగూడ గుట్టలు ఇంకా ఉన్నాయి, బండలెక్కేవాళ్ళు వస్తుంటారు, కానీ చుట్టూ ట్రాఫిక్కు మధ్య ద్వీపంలా మిగిలాయి. కోకాపేట గురించి చెప్పేదేముంది, 2023 ఆగస్టు వేలంలో ఒక ప్లాటు ఎకరం 100.75 కోట్లకి పోయింది. ఆ ధర పలికే నేల మీద గొర్రెల బాట ఎన్నాళ్ళుంటుంది? తెల్లాపూర్, కొల్లూర్, ఉస్మాన్ నగర్ వైపు నాలుగు ఆదివారాలు తిరిగాను. బాటలున్నాయి. కాకపోతే ప్రతి బాటా ఓ ప్రహరీ గోడ దగ్గర ఆగిపోతుంది.

ఔటర్ సర్వీసు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన సైకిల్ ట్రాక్ ఉంది కదా అంటారు. ఉంది, మంచిదే. పైన సోలార్ పలకలు, మొత్తం 23 కిలోమీటర్లు. కానీ అది సాపుగా పరిచిన దారి. మట్టికోసం వెతికేవాడికి దాన్ని చూపించడం, ఈత కొడతానంటే షవర్ చూపించడం లాంటిది. (అయినా చివరికి అదే నాకు పనికొచ్చింది, చెబుతాను.)

బాటలు ఎలా చచ్చిపోతాయో దగ్గర్నుంచి చూస్తే గానీ తెలియదు. ముందు హద్దురాళ్ళు పడతాయి, తెల్ల సున్నం పూసి. తర్వాత జేసీబీ వచ్చి తుప్పలు ఎత్తేస్తుంది. ఆ వారం తొక్కడానికి భలే ఉంటుంది, అది మోసం. ఆపైన కడీలు పాతి ముళ్ళతీగ లాగుతారు. కిందటి ఆదివారం లేని తీగ ఈ ఆదివారం ఛాతీ ఎత్తులో ఉంటుంది, మసక వెలుతురులో కనపడదు. ఓ గొర్రెలాయన నన్ను చెయ్యెత్తి ఆపాడు. "సారూ, గిటు తొవ్వ లేదు. నిన్ననే కడీలు పాతిండ్రు. నా గొర్లే సుట్టు తిరిగి పోతున్నయి" అన్నాడు. బ్రేకు మీద చెయ్యి వేసిన తర్వాత కూడా తీగ ఎక్కడుందో కనుక్కోవడానికి నాకు కొంచెంసేపు పట్టింది. ఊళ్ళకి దగ్గరగా అయితే అడవి పందుల కోసం చేలకి కరెంటు తీగ పెట్టేవాళ్ళు కూడా ఉంటారు. అందుకే కొత్త చోట చీకట్లో తొక్కొద్దు. లైటు ఎంత ఖరీదైనదైనా సరే.

ఆయన గొర్రెలకి పోయిన తొవ్వ, నాకు పోయిన ఆదివారం సరదా, రెండూ ఒకటేనని నేననను. కానీ ఇద్దరం నడిచేది ఎవరో రాసిచ్చిన దారి మీద కాదు, ఇంకా ఎవరూ అడ్డు చెప్పని దారి మీద. ఇల్లు కొనేవాడు మర్చిపోకూడని సంగతి ఇదే. బ్రోచర్లో "చుట్టూ పచ్చదనం" అని ఉన్నదంతా పక్క సర్వే నంబరు వాళ్ళ భూమి. నేను ఫ్లాటు కొన్న కారణంతోనే ఇంకో వెయ్యిమంది కొంటారు, వాళ్ళకోసం పక్కన ఇంకో వెంచరు లేస్తుంది. హోమ్‌లోను ఇరవై ఏళ్ళు. బాట ఆయుష్షు పడమర వైపు నేను చూసినంతలో మూడేళ్ళు. మిగతా పదిహేడేళ్ళూ దేనికోసం కట్టాలి? మట్టి కోసమే ఊరి చివర ఉండాలనుకుంటే అద్దెకి ఉండాలి, కొనకూడదు. ఇది నా ఖచ్చితమైన అభిప్రాయం.

మా ఆవిడ దీనికి ఒప్పుకోలేదు. ఆవిడ వాదన తీసిపారేసేది కాదు. "నీ బాట పోయినప్పుడల్లా ఇల్లు మారుద్దాం సరే, పాప స్కూలు కూడా మారుద్దామా? నీకు పొద్దున గంట మిగలడం కోసం అది రోజూ రెండు గంటలు బస్సులో కూర్చోవాలా?" అంది. నా దగ్గర సమాధానం లేదు. అందుకని లెక్క మార్చాం. పాప బస్సు అరగంట మించకూడదు, ఆ గీత లోపలే మట్టి వెతుక్కోవాలి.

అప్పుడు వెతికింది అమ్మకానికి రాని నేల. ఊళ్ళో అలాంటివి కొన్నే. కేబీఆర్ పార్కు నడిచేవాళ్ళది. కొత్తగూడలో పాలపిట్ట సైక్లింగ్ పార్కు పిల్లలతో వెళ్ళడానికి బావుంటుంది. చిలుకూరు దగ్గర మృగవని జాతీయ పార్కు, దాని లోపలికి సైకిలేసుకుని ఇష్టమొచ్చినట్టు తిరగడం కుదరదు, కుదరకూడదు కూడా. పోనీ సర్కారు నేల అయితే శాశ్వతమా అంటే అదీ లేదు. సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లోకి 2025 మార్చి చివర బుల్డోజర్లు దిగాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంటే ఆగాయి. వికారాబాదు దగ్గర దామగుండం అడవిలో నౌకాదళం వీఎల్ఎఫ్ కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 ఊళ్ళలో కట్టడాల్ని అదుపులో పెట్టిన 1996 నాటి జీవో 111 ఉండేది. 2022 ఏప్రిల్లో ఆ ఆంక్షల్ని సడలిస్తూ జీవో 69 వచ్చింది.

సియాటిల్ పక్కన సమామిష్‌లో ఉండే మా పాత టీమ్‌మేట్ ఒకతను ఇదంతా విని నవ్వాడు. వాళ్ళ ఇంటి దగ్గర్లో డుతీ హిల్ అని 120 ఎకరాల పార్కు ఉంది, అచ్చంగా మౌంటెన్ బైకుల కోసమే. నేల కింగ్ కౌంటీది, బాటలు వేసింది ఎవర్‌గ్రీన్ అనే సైకిలు సంఘంవాళ్ళు, వలంటీర్లతో కలిసి. 2010లో తెరిచారు. అక్కడ ఇళ్ళ ధరలు వింటే మనకి కళ్ళు తిరుగుతాయి గానీ, ఒక్క విషయంలో అతను అదృష్టవంతుడు. వచ్చే ఏడు ఆ బాట ఉంటుందో లేదో అన్న ఆలోచనే అతనికి రాదు. ఇక్కడ చెట్లు నాటే సంఘాలున్నాయి, బండల్ని కాపాడమని తిరిగే సంఘం ఉంది, మారథాన్లు ఉన్నాయి. పార పట్టుకుని బాటకి నీరు పోయే వాలు చెక్కి, దాన్ని అటవీశాఖ చేత ఒప్పించి నిలబెట్టడం మాత్రం ఇంకా మన అలవాట్లలోకి రాలేదు. ఎకరం వంద కోట్ల ఊళ్ళో అలాంటి పార్కు అడిగితే ఎవరైనా నవ్వుతారు. ఊరికి యాభై కిలోమీటర్ల అవతల, బీడు గుట్ట మీద అడిగితే అంత నవ్వులాట కాదనుకుంటాను.

చివరికి మేం అద్దెకి దిగింది బండ్లగూడ జాగీర్ వైపు, హిమాయత్‌సాగర్‌కి దగ్గర్లో. చెరువు 1927 నాటిది, అంత తేలిగ్గా ఎవరూ ప్లాట్లు చెయ్యలేరని ఓ ధీమా. ఎండాకాలం నీళ్ళు వెనక్కి తగ్గితే ఒడ్డున బోలెడు మైదానం తేలుతుంది. వానాకాలం నీళ్ళు నిండితే అది మునుగుతుంది, అప్పుడు గట్ల మీద డొంకలే దిక్కు. సర్కారు తుమ్మ విపరీతం. కుక్కలు ఇంకా విపరీతం. గేటు నుంచి మట్టికి తొమ్మిది నిమిషాలు, నేను కోరుకున్నదానికన్నా నాలుగు ఎక్కువ. పాప బస్సు ఇరవై ఐదు నిమిషాలు. ఇందాక వెక్కిరించిన సోలార్ ట్రాక్ అప్పా జంక్షన్ దగ్గర పోలీసు అకాడమీ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా 8.5 కిలోమీటర్లు ఉంది. వారానికి రెండుసార్లు దానిమీదే ఆఫీసుకి పోతున్నాను, గళ్ళ టైర్లు బర్రుమంటుంటే రోడ్డు సైకిళ్ళవాళ్ళు జాలిగా చూస్తూ దాటిపోతారు. మా ఆవిడకి మాత్రం ఈ ఇల్లు నచ్చింది, వెలుతురు బాగా వస్తుందట.

మీరూ వెతుకుతుంటే రెండు పనులు చెయ్యండి. గూగుల్ ఎర్త్‌లో ఆ చోటు పాత బొమ్మలు ఏడాది ఏడాదీ జరుపుతూ చూడండి, కాంక్రీటు ఎటునుంచి ఎటు పాకుతోందో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. తర్వాత బ్రోకరు లేకుండా ఓ ఆదివారం ఆరింటికి సైకిలేసుకుని వెళ్ళి, హద్దురాళ్ళ మీద సున్నం కొత్తదా పాతదా చూడండి. గొర్రెలవాళ్ళు కనిపిస్తే ఆగి మాట్లాడండి, ఏ దారి ఎన్నాళ్ళుంటుందో రిజిస్ట్రేషన్ ఆఫీసు కన్నా వాళ్ళకే బాగా తెలుసు.

నేను సరిగ్గా చూడనిది ఒక్క తూర్పు, దక్షిణం వైపే. పోచారంలో, ఆదిభట్లలో పనిచేసేవాళ్ళు చాలామందే ఉన్నారు కదా. ఇబ్రహీంపట్నం దాటి రాచకొండ గుట్టల వైపు చెల్క నేల, గ్రానైటు, జనం తక్కువ, కాగితం మీద అన్నీ కుదురుతున్నాయి. అక్కడ ఉంటూ రోజూ తొక్కేవాళ్ళెవరైనా ఉంటే, వానాకాలంలో బాటలెలా ఉంటాయో, పిల్లల స్కూలుకి ఏం చేస్తున్నారో చెప్పండి. మా అగ్రిమెంటు జూన్ దాకా ఉంది.