ఇంటికి పెట్టిన పరీక్ష

బండమీద ఇల్లు కట్టిన బుద్ధిమంతుని కథయు, ఇసుకమీద కట్టినవాని కథయు మన పాఠశాల బాలబాలికలందరు ఎరిగినవే. ఆ రెండిండ్లను పరీక్షించినవారెవరు? వాన, వరద, గాలి. నేటికిని ఇండ్లకు పరీక్షాధికారులు వారే. వారు వచ్చు దినమును ముందుగా తెలుపరు. తప్పిన యింటికి రెండవ అవకాశము నీయరు. కావున వారికంటె ముందుగా మనమే యింటిని పరీక్షించుట మేలు. ఈ విషయమున మేము కన్నులార చూచి తెలిసికొన్న సంగతులు కొన్ని మన పత్రిక చదువరులకు విన్నవింపగోరుచున్నాము.

మా నాయనగారు ఉద్యోగము చాలించిన పిమ్మట చేతికి వచ్చిన సొమ్ముతో బందరులో ఒక చిన్న యిల్లు కొనవలెనని మా యింటిల్లిపాదియు నిశ్చయించితిమి. ఆ సొమ్ము పోయినచో మరల కూడబెట్టు వయస్సు ఆయనకు లేదు. అందుచేత బేరమాడుటకు ముందు, వృద్ధుడగు తాపీమేస్త్రి నొకనిని, విద్యుత్తు పని తెలిసిన యువకు నొకనిని వెంటబెట్టుకొని రెండిండ్లు చూడబోతిమి. వారిరువురకు మేమిచ్చిన కూలి 3,000 రూపాయలు.

మొదటిది ఇరువదియైదేండ్ల క్రిందట కట్టిన శ్లాబు ఇల్లు. గోడలకు క్రొత్త రంగు వేసి, గుమ్మములకు మెరుగు పెట్టియుండిరి. చూచినంతనే కొనవలెనని తోచెను. మేస్త్రి మాత్రము ఆ రంగువంక చూడక నేరుగా డాబాపైకి పోయెను. అచట నీరు పోవు తూము రావియాకులతో పూడి, ఒక మూల పచ్చని పాచి పట్టియుండెను. అతడు క్రిందికి దిగి, సరిగా ఆ మూలకు దిగువనున్న గదిలో నిలిచి, పొడవైన కర్రతో శ్లాబును మెల్లగా తట్టెను. కొన్ని తావుల గట్టి ధ్వనియు, ఒక తావున డొల్ల ధ్వనియు వినవచ్చెను. ఆ డొల్ల తావునకు క్రిందనే, అద్దెకున్నవారి పసిబిడ్డ ఉయ్యాలలో నిదురించుచుండెను. “అమ్మా, బిడ్డను ఈ క్షణమే ప్రక్కగదికి తీసికొనిపొండు” అని అతడు ఆ తల్లితో చెప్పెను. ఆమె బిడ్డను ఎత్తుకొనిపోయి ఉయ్యాల విప్పిన పిమ్మట అతడు మరి రెండుమారులు తట్టగా, అరచేతి వెడల్పున కాంక్రీటు పెచ్చు ఊడి నేల బడెను. కొంత తడవు మాలో ఎవ్వరికిని మాట రాలేదు.

ఇది ఎట్లు సంభవించును? కాంక్రీటు క్షారగుణము కలది. ఆ గుణమే లోని ఇనుపచువ్వలను తుప్పునుండి కాపాడును. డాబాపై నిలిచిన నీరు సన్నని బీటలగుండ లోనికి దిగి, తీరప్రాంతపు ఉప్పును వెంటగొనిపోయి, ఆ కాపును చెరచును. తుప్పు పట్టిన ఇనుము తొలి పరిమాణమునకు రెండింతలకు పైగా ఉబ్బి, తన్ను కప్పిన కాంక్రీటును నెట్టివేయును. సాధారణ ప్రదేశములందు చువ్వలపై 20 మిల్లీమీటర్ల మందమైనను కాంక్రీటు ఉండవలెనని 2000 సంవత్సరపు భారతీయ ప్రమాణము నిర్ణయించినది. సముద్రతీరమున అంతకంటె హెచ్చుగా ఉండవలెను. ఆ పెచ్చును కొలిచి చూడగా 10 మిల్లీమీటర్లైనను లేదు.

తూములోని ఆకులు తీయుటకు ఒక కూలివాని అరపూట పని చాలును. పాచి పట్టిన తొలినాళ్లలో బీటలు పూడ్చి, వాటము సరిచేసి, క్రొత్త గచ్చు వేయించినచో 30,000 రూపాయలలో తేలియుండెడిది. ఇప్పుడు రెండు గదుల శ్లాబును పగులగొట్టి మరల పోయుటకు 1,60,000 రూపాయలకు తక్కువ కాదని మేస్త్రి లెక్క గట్టెను. మేము ఆ యింటి బేరము మానుకొంటిమి.

రెండవది ఇటుకయు సున్నముతో కట్టి, బంగాళాపెంకులు కప్పిన పాత యిల్లు. ఈ తరహా పెంకుల చరిత్రతో మిషనువారికిని సంబంధము కలదు: బేసెల్ మిషనువారు 1865లో మంగుళూరున పెంకుల కర్మాగారము స్థాపించిరి. ఈ యింటికి అందము లేదు; కాని లోపములన్నియు కంటికి కనబడుచుండెను.

పెంకులు కొన్ని పగిలి, వానచుక్కలు పడినచోట్ల వాసములు నల్లబడెను. వీనికి 22,000 రూపాయలు. ఒక దూలపు కొన గోడలో చొచ్చినచోట సన్నని మట్టిదారి కనబడెను. అది చెదపురుగుల బాట. మేస్త్రి మేకుతో పొడువగా తక్కినచోట్ల ఆగిన మేకు అచట పిండిలో దిగినట్లు దిగెను. ఆ కొనను కోసి క్రొత్త టేకు అతికి, చెదమందు పెట్టించుటకు 18,000 రూపాయలు. గోడల అడుగున మూడడుగుల ఎత్తువరకు చెమ్మ లేచి ఉప్పు పేరియుండెను. దీపపువత్తి నూనెను పీల్చునట్లు ఇటుక నేలలోని తడిని పైకి పీల్చును. దానిపై సిమెంటు పూసినచో తడి బయటికి పోవు దారి లేక మరింత పైకి ప్రాకును. కావున పాతపూత గీకివేసి మరల సున్నపు పూతయే వేయవలెనని మేస్త్రి చెప్పెను. దానికి 26,000 రూపాయలు.

విద్యుత్తు తీగలు పాతబడి, పైతొడుగు చిట్లియుండెను. గోడలోని ప్లగ్గులకు మూడు రంధ్రములున్నను మూడవదానికి లోపల తీగయే లేదు. అట్టి యింట తడిచేతితో ఇస్త్రీపెట్టెను ముట్టుట ప్రాణాపాయము. తీగలు మార్చి, ఎర్తు గొయ్యి త్రవ్వించి, 30 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు దారి తప్పినను తానుగా ఆపివేయు మీటను పెట్టించుటకు 48,000 రూపాయలు.

ఇక కిటికీ మూలనుండి ఏటవాలుగా ప్రాకిన బీట యొకటి మిగిలెను. బందరు చుట్టుపట్ల నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకొనును. గోడలును దానితో కదలును. మేస్త్రి ఆ బీటకు అడ్డముగా పలుచని అద్దపు ముక్క నొకదానిని సిమెంటుతో అతికించెను. గోడ కదలుచున్నచో అద్దము పగులును. వానలు పడు రెండు నెలలు ఆగుటకు యజమాని సమ్మతించెను. అద్దము పగులలేదు, బీట పాతదనియు, ఇప్పుడు కదలుట లేదనియు నమ్మితిమి.

మొత్తము 1,14,000 రూపాయలు. ఈ పట్టికను యజమానికి చూపగా ఆయన కోపింపక ధరలో 90,000 రూపాయలు తగ్గించెను. మేము ఆ యిల్లు కొని, గృహప్రవేశమునకు ముందే పనులన్నియు చేయించితిమి. కూలికిచ్చిన 3,000 రూపాయలు మా నాయనగారి కష్టార్జితమును కాపాడెను. ఒక పసిబిడ్డ మీద పెచ్చు పడకుండ చేసినదానికి వెల గట్టజాలము.

ఈ రెండిండ్లనుబట్టి మాకు తెలిసిన దేమనగా, చాలవరకు ఇంటి రోగములకు మూలము నీరు, వానిని పెంచునది ఆలస్యము. విద్యార్థులారా, ఇంటి బాగు పెద్దల పనియే యని ఊరకుండకుడు. ఏటేట వైశాఖమాసమున, తొలకరికి ముందు ఒక శనివారము పెద్దల నొకరిని తోడు తీసికొని డాబా ఎక్కి తూము ఊడ్వుడు. దూలముల కొనలయందు మట్టిదారులున్నవేమో చూడుడు. గోడ యడుగున చేయి పెట్టి చెమ్మ పరీక్షింపుడు. రాత్రి పడుకొనబోవునప్పుడు తొట్టిలోని నీటిమట్టమున గీత గీచి, ఎవ్వరును నీరు వాడకముందే ఉదయమున చూచినచో గొట్టము కారుచున్నదో లేదో తెలియును. వీనికెల్ల పట్టునది ఒక్క పూట. కావలసినది ఒక చీపురు, ఒక కర్ర, ఒక సుద్దముక్క.