పెన్‌డ్రైవ్‌లో ఈవీఎం

"ఈసారి ఓటెయ్య. ఫోన్‌తోనే మారుస్తున్రంట గదా!"

2023 నవంబరులో, అసెంబ్లీ పోలింగ్‌కి నాలుగు రోజుల ముందు బాబాయ్ ఫోన్ చేసి అన్న మాట. బాబాయ్‌కి చాంద్రాయణగుట్టలో మోటర్ వైండింగ్ షాపు. నేను సాఫ్ట్‌వేర్ గనక నా దగ్గర జవాబుంటుందని ఆయన నమ్మకం. వెంటనే వాట్సాప్‌లో 40 సెకన్ల క్లిప్ వచ్చింది. బొమ్మంతా మసక. ఎవరో ఫోన్ నొక్కుతారు, ఈవీఎం తెర మీద అంకెలు మారతాయి. అంతే.

ఆ క్లిప్ నాకు తెలుసు. 2010లో మన హైదరాబాద్ ఇంజినీర్ వేమూరు హరిప్రసాద్, మిషిగన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కి చెందిన రాప్ గాంగ్రిప్ కలిసి చేసిన ప్రయోగం. ఆ మిషన్ ఎక్కడిదో చెప్పమంటూ ఆగస్టులో హరిప్రసాద్‌ని అరెస్టు చేశారు. అదే ఏడాది అమెరికాలో ఆయనకి పయనీర్ అవార్డూ వచ్చింది.

క్లిప్ అబద్ధం కాదు. సగం కోసేశారు. ముందు మిషన్ విప్పాలి, డిస్‌ప్లే బోర్డు తీసి బ్లూటూత్ దాచిన బోర్డు పెట్టాలి. అప్పుడే ఫోన్ పనిచేసేది, అదీ దగ్గర్నుంచి.

ఇదంతా ఉన్న పూర్తి వీడియోలు, ఉపన్యాసాలు కలిపి నా ఫోల్డర్ 1.4 జీబీ. మామూలుగా పంపితే వాట్సాప్ పిండేసి మసక చేస్తుంది. డాక్యుమెంట్‌గా 2 జీబీ దాకా పోతుంది, కానీ బాబాయ్ ఫోన్ నిండా గుడ్ మార్నింగ్ పువ్వులే. డ్రైవ్ లింక్ పంపాను.

"లింకులు నొక్కొద్దని నువ్వే జెప్పినవ్ గదరా!"

ఇక లాభం లేదని పెన్‌డ్రైవ్, లాప్‌టాప్ పట్టుకుని షాపుకే వెళ్లాను. బోర్డు మార్చే చోట బాబాయ్ ఆపమన్నాడు. కళ్లజోడు సర్దుకుని దగ్గరగా చూశాడు.

"అంటే పెట్టె ఇప్పాలె. ఉట్టి ఫోన్‌తోని ఏంగాదు."

"అదే బాబాయ్."

"మరి ఇప్పకుంట కావలి ఎవలు?"

మంచి ప్రశ్న. సీళ్లు, వాటి మీద ఏజెంట్ల సంతకాలు, స్ట్రాంగ్ రూమ్ అన్నాను. 2013లో సుప్రీంకోర్టు చెప్పాక వీవీప్యాట్ వచ్చిందని, స్లిప్పు 7 సెకన్లు కనిపిస్తుందని చెప్పాను. 2019 నుంచి ఒక్కో అసెంబ్లీ సెగ్మెంట్‌లో 5 బూత్‌ల స్లిప్పులు లెక్కేస్తున్నారనీ చెప్పాను.

"అయిదేనా?"

నాకూ అదే అనిపిస్తుంది. ఆ మాటే చెప్పాను. ఆయన్ని ఒప్పించడానికి లేని ధైర్యం చూపించలేను కదా.

నవంబరు 30 మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "ఏడు లెక్కవెట్టిన. నేనేసినోనిదే వడ్డది."

2024 మేలో లోక్‌సభ పోలింగ్ ముందు అదే క్లిప్ మా ఫ్యామిలీ గ్రూపులో మళ్లీ తిరిగింది, ఇంకా మసకగా. నేను టైప్ చేసేలోపే బాబాయ్ వాయిస్ మెసేజ్ పెట్టేశాడు: "షాపుకు రార్రి. పెన్‌డ్రైవ్ నా తాన్నే ఉన్నది."