పదేళ్ల తరువాత మళ్లీ రికార్డు రాశాను

"ఇంట్లో కూర్చుని చేసే పనే కదా, నీకు వీలైనప్పుడు చేసుకో." హైదరాబాదు నుంచి నా స్నేహితురాలు ఫోన్లో ఈ మాట అన్నప్పుడు ఎంత సంతోషం వేసిందో! ఆన్‌లైన్ పాఠాల కోసం కెమిస్ట్రీ ప్రశ్నలు సరిచూడాలి. రోజుకు నాలుగు గంటలు. ఎమ్మెస్సీ చేసి, పెళ్లయి సహం వచ్చి పదేళ్లయింది. నా సర్టిఫికెట్లు పాస్‌పోర్టుల ఫైల్లో అడుగునే ఉండిపోయాయి.

ఫ్యామిలీ వీసా మీద ఉన్నవాళ్లం ఒమన్‌లో అనుమతి లేకుండా ఉద్యోగం చేయకూడదు. అందుకే తన కంపెనీ పీఆర్వోని అడిగి, రాతపూర్వకంగా తెలుసుకున్నాకే ఒప్పుకుందామన్నారు మా వారు. ఆ లోపు నేనొక ప్రయోగం చేశాను. ఉద్యోగం వచ్చేసిందనుకుని, పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని వారం రోజులు కూర్చున్నాను. కాలేజీలో ల్యాబ్ రికార్డు రాసినట్టే ప్రతి గంటా నోటుబుక్కులో రాశాను.

ఇండియా కంటే మనం గంటన్నర వెనుక. అక్కడ తొమ్మిదైతే ఇక్కడ ఏడున్నర. ఆరున్నరకే పిల్లలు స్కూలు వ్యాను ఎక్కేస్తారు. ఏడున్నర నుంచి పదకొండున్నర దాకా ఇల్లంతా నాదే అనుకున్నాను.

సోమవారం ఏసీ మెకానిక్ వచ్చాడు. మంగళవారం మా వారు సొహార్ పోర్టు వైపు నైట్ షిఫ్ట్ ముగించుకుని వచ్చి పడుకున్నారు. ఆయన లేచేసరికి భోజనం ఉండాలి కదా, పొయ్యి దగ్గరే గడిచింది. బుధవారం అత్తయ్య వీడియో కాల్, నలభై ఐదు నిమిషాలు. "ఖాళీగానే ఉన్నావుగా" అన్నారు పాపం, ప్రేమగానే. గురువారం చిన్నవాడికి జ్వరమని స్కూలు నుంచి ఫోను. శుక్రవారం ఇండియాలో పనిరోజు, ఇక్కడ సెలవు. సొహార్ నుంచి స్నేహితులు భోజనానికి వచ్చారు. తీరా ఆదివారం ఇండియాలో సెలవైతే, ఇక్కడ మా పిల్లలు బడిలో ఉన్నారు!

ఇరవై గంటలకు నేను చేసింది ఎనిమిది గంటల నలభై నిమిషాలు. అందులో సగం రాత్రి తొమ్మిది దాటాక చేసినవే.

మనకోసం చట్టాలు లేకపోలేదు. ఒమన్ 2023 కార్మిక చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 40 గంటల పని. తల్లికి 98 రోజుల సెలవు, తండ్రికి 7 రోజులు. సెలవు ముగిశాక ఏడాదిపాటు, బిడ్డను చూసుకోవడానికి తల్లికి రోజుకో గంట. ఇండియాలో 2017 సవరణ తల్లికి 26 వారాలు ఇచ్చింది. ఆ తరువాత యజమానితో మాట్లాడుకుని ఇంటి నుంచి పనిచేసే వీలూ కల్పించింది. ఇవన్నీ కావలసినవే. కానీ అవి ఆఫీసుతో కుదిరే ఒప్పందాలు. ఇంట్లో ఒప్పందం మనమే కుదుర్చుకోవాలి. లేకపోతే "వీలైనప్పుడు చేసుకో" అన్న మాటకు, అందరి పనులూ అయ్యాక చేసుకో అనే అర్థం మిగులుతుంది.

నోటుబుక్కు మా వారి ముందు పెట్టాను. "ఏసీ అతన్ని శనివారం పిలవాల్సింది" అన్నారు మొదట. "శనివారం మీరు పడుకునే రోజు కదండీ" అన్నాను. తరువాత పేజీలన్నీ మౌనంగా చదివారు.

రెండో వారం కొన్ని మార్చుకున్నాం. పదకొండున్నర తరువాతే ఫోన్ చేయమని అత్తయ్యకు ఆయనే చెప్పారు. నైట్ షిఫ్ట్ వారంలో కూర ముందు రాత్రే వండేస్తాను, అన్నం ఆయన లేచి పెట్టుకుంటారు. శుక్రవారం పొద్దున పిల్లల్ని ఆయన బీచ్‌కి తీసుకెళ్తారు. ఆ వారం పదిహేను గంటలు కుదిరింది.

పిల్లలు ఇసుక కాళ్లతో తిరిగొచ్చి ఫోటోలు చూపించారు. వాటిలో నేను లేను. మనసు కాస్త చివుక్కుమంది. అది కూడా రాసిపెట్టుకున్నాను.

మీకూ ఇలాంటి పని ఏదైనా వస్తే, సరే అనేముందు ఒక్క వారం గంటలు రాసి చూడండి. అది ఇంట్లోవాళ్లకు చూపించండి. నోటితో చెబితే ఫిర్యాదులా ఉంటుంది, కాగితం మీద చూపిస్తే లెక్క తెలుస్తుంది.

పీఆర్వో నుంచి జవాబు ఇంకా రాలేదు. నేను మాత్రం మూడో వారం రాస్తున్నాను.