కోడిక్కరైలో పక్షుల లెక్క

మన పెరియకుళము వారికి సముద్రము దూరపు చుట్టము. వరాహనది, కొడైకానలు కొండ, మామిడి తోపులు, ఇవి మనకు నిత్యము కంటికెదురుగా ఉండేవి. సముద్రము చూడవలెనంటే రామేశ్వరమో వేదారణ్యమో యాత్ర పెట్టుకోవలసినదే. ఈ యేడు వేదారణ్యము పోదలచినవారు స్వామి దర్శనమైన తరువాత మరి పది కిలోమీటర్లు దక్షిణముగా పోయి కోడిక్కరై కూడ చూచి రావలెనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. ఆశ్వయుజము మొదలు మాఘము వరకు అందుకు తగిన కాలము.

దిండుక్కల్లు, తిరుచ్చి, తంజావూరు, తిరుత్తురైప్పూండి మీదుగా దారి. 1930లో రాజాజీగారు తిరుచ్చి నుండి నడిచివచ్చి ఉప్పు తీసినది వేదారణ్యములోనే. అక్కడి ఉప్పుమళ్ళు దాటితే అడవి, బురదనేల, సముద్రము. ఉత్తరము నుండి వచ్చే తీరము కోడిక్కరై వద్ద చప్పున పడమటికి మళ్ళుతుంది. ఎదుట పాక్ జలసంధి, దాని ఆవల సింహళము. ఈ మూలనే ఉత్తరదేశాల పక్షులు వేలకు వేలు దిగుతవి. 1967లో దీనిని అభయారణ్యముగా ప్రకటించినారు. రామపాదముల దిబ్బ, కృష్ణజింకలు కూడ ఇక్కడ చూడదగినవే.

నీటిలో రాజహంసలు, బురదలో ఉల్లంకి పిట్టలు గుంపులుగా కనబడతవి. వాటి వెనుకనే వేటకాండ్రు వస్తారు. బైరి డేగ ఆకాశము నుండి బాణమువలె పడుతుంది. పిల్లిగద్ద గడ్డి మీద తక్కువ ఎత్తున తేలిపోతుంది. కొరమీను గద్ద నీటిలోకి కాళ్ళు చాచి దూకుతుంది. ఈ పేర్లు నా కల్పన కావు. వంద యేండ్లకు పూర్వమే జెర్డన్ అనే దొర తన పక్షుల గ్రంథములో తెలుగు పేర్లు కూడ చేర్చినాడు. ఇంట తెలుగు మాటాడే మన పిల్లలలో ఈ పేర్లు ఎందరికి తెలియును?

పెద్ద గద్దలు సముద్రము దాటుటకు జంకుతవి. ఎండకు వేడెక్కిన నేల నుండి లేచే గాలిపై చక్రాలు తిరుగుతూ ఎత్తుకు పోయి, అక్కడ నుండి జారుతూ ముందుకు సాగుట వాటి పద్ధతి. నీటి మీద అట్టి గాలి అంతగా లేవదు. అందుచేత అవి ఒడ్డు వెంబడి పోయి భూమి సన్నగిల్లే కొసన పోగవుతవి. అమెరికాలో కేప్ మే అనే తీరపు కొసన 1976 నుండి ప్రతి శరత్కాలము డేగలను లెక్కించుటకు కారణమిదే. రెక్కల బలము నమ్ముకున్నవి వేరు. నూటయాభై గ్రాములు తూగే ఆముర్ డేగ సైబీరియా, చైనాల నుండి నాగాలాండు మీదుగా మన దేశము దాటి, అరేబియా సముద్రము మీదుగా ఆఫ్రికా చేరుతుంది. 2012లో నాగాలాండులో వీటిని వేలకొలది వలవేసి చంపుతున్నారని లోకానికి తెలిసినది. మరుసటి యేటి నుండి ఆ ఊళ్ళవారే కాపలాదార్లయినారు.

లెక్క వలన ఏమి ఫలమని అడుగవచ్చును. అమెరికాలోనే హాక్ మౌంటెన్ అనే కొండపై 1934 నుండి డేగలను, గద్దలను లెక్కిస్తున్నారు. 1935-39 మధ్య అక్కడ కనబడిన బట్టతల గద్దలలో నూటికి నలభై పిల్లపక్షులు. 1955-59 నాటికి ఇరవై. పెద్దవి వస్తున్నవి, పిల్లలు తగ్గినవి. పొలాలకు చల్లిన డి.డి.టి. మందు చేపల ద్వారా గద్దల కడుపు చేరి గుడ్లను చెరచుచున్నదని తేలుటకు ఈ అంకెలు తోడ్పడినవి. 1962లో రేచెల్ కార్సన్ తన గ్రంథములో వీటిని చూపినది. 1972లో ఆ దేశము ఆ మందును పొలాలలో నిషేధించినది. గద్దలు మరల పెరిగినవి. ఒక్క యేటి అంకె చూచి ఎవరూ ఈ మాట చెప్పలేకపోయేవారు.

మన దేశములో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు సాలిం అలీగారి నాయకత్వాన 1959లో వలసపక్షుల పరిశోధన పెద్దయెత్తున ఆరంభించినారు. పక్షిని వలలో పట్టి, కాలికి అంకె చెక్కిన కడియము వేసి విడిచిపెడతారు. ఆ పనికి కోడిక్కరై ముఖ్యస్థానమయినది. 1987 నుండి ప్రతి జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల లెక్క జరుగుతున్నది.

ఈ పనికి గొప్ప చదువు అక్కరలేదు. ఇద్దరు కూర్చుంటే చాలును. ఒకరు దుర్భిణితో చూచి చెప్పవలెను, రెండవవారు గంటగంటకు వ్రాయవలెను. ఒక గీత అనుకొని దానిని దాటినవే లెక్కించిన యెడల ఒకే పక్షి రెండు మారులు పడదు. గాలి, మబ్బు కూడ గుర్తించవలెను. ఏమియు రాని నాడు సున్న వ్రాయవలెను. ఆ సున్న కూడ లెక్కయే.

కోడిక్కరైలో పిల్లలకు అలవాటు చేసి, ఊరికి వచ్చిన తరువాత మన చెరువు గట్టున అదే చోట, అదే వేళకు, యేటేటా సాగించవచ్చును. మన పెద్దలు పొలము లెక్కలు తరతరాలుగా వ్రాసి ఉంచినారు. ఆకాశము లెక్కకు ఒక పుస్తకము కుట్టి, మొదటి పుటలో పక్షుల పేర్లు తెలుగులో వ్రాయించుడు.