తూకానికి వేసిన నవల

ఆదివారం సాయంత్రం లిటిల్ ఇండియాలో నడవాలంటే ఓపిక కావాలి. వారమంతా కష్టపడ్డ కుర్రాళ్లందరికీ అదొక్కటే సెలవు. సెరంగూన్ రోడ్డు పొడుగునా జనమే. మొన్న ఆ జనంలోనే నాన్నని పట్టుకుని టెక్కా మార్కెట్‌కి వెళ్లాను. గోంగూర కొన్నాం. బయటికొచ్చి బఫెలో రోడ్డులో నిలబడి ఆయన బోర్డులన్నీ చూశారు.

"తమిళం ఉంది, మనది లేదేంరా?"

ఇక్కడ అధికార భాషలు నాలుగనీ, అందులో తమిళం ఉందనీ, బళ్లో కూడా హిందీ, బెంగాలీ తీసుకోవచ్చుగానీ తెలుగు లేదనీ చెప్పాను.

"మరి నువ్వేం చదువుకుంటున్నావు?"

"ఆరుద్ర, నాన్నా. రైల్లో వెళ్తూ."

"ఏదీ, పలకల వెండి గ్లాసా?"

నాకు మాట పెగల్లేదు. నేను చదువుతున్నది 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం'. ఆయన అడిగిన పుస్తకాన్ని మాత్రం పదిహేనేళ్ల కిందట నా చేతుల్తో నేనే పాత పేపర్లవాడికి అమ్మేశాను.

విశాఖపట్నంలో ఇల్లు మారుతున్నప్పటి మాట. నాన్న ఊళ్లో లేరు. ఆయన ట్రంకుపెట్టె సర్దే పని నాకు పడింది. కొమ్మూరి సాంబశివరావు, టెంపోరావు, అట్టలూడినవీ, పేజీలు చిరిగినవీ బోలెడు. అప్పటికి నేను కవిత్వం చదివేవాణ్ణని నాకు గొప్ప. కవిత్వం ఒక పక్క, 'చెత్త' ఒక పక్క పెట్టాను. ఒక పుస్తకానికి అట్టా లేదు, రచయిత పేరూ లేదు. పేజీల మీద 'పలకల వెండి గ్లాసు' అని మాత్రం ఉంది. ఇదేం పేరురా అని నవ్వుకుని తూకంలో పడేశాను. 'త్వమేవాహం' మాత్రం భద్రంగా దాచాను. అది ఇప్పటికీ సింగపూర్‌లో నా అలమరలోనే ఉంది.

నాన్న వచ్చి పెట్టె తెరిచి చూసి, "ఖాళీ అయిందా, బియ్యం పోసుకోవచ్చు" అన్నారు. అంతే. మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

కొన్నేళ్ల తర్వాత ఆరుద్ర రచనల జాబితా చూస్తుంటే ఆ పేరు కనబడింది. పక్కనే 'ఆనకట్ట మీద హత్య', 'అణాకొక బేడ స్టాంపు'. అన్నీ ఆయన రాసిన డిటెక్టివ్ నవలలే! ఒకే మనిషి పుస్తకాల్ని నేను రెండు కుప్పల్లో వేశాను.

ఆ మనిషి జీవితం చూస్తే అసలు కుప్పలే కుదరవు. భాగవతుల సదాశివశంకర శాస్త్రి 1925లో విశాఖపట్నంలో పుట్టారు. శ్రీశ్రీకి మేనల్లుడి వరస. కాలేజీ చదువు మధ్యలో వదిలేసి 1943లో వైమానిక దళంలో చేరారు. యుద్ధమయ్యాక మద్రాసు వెళ్లి 'ఆనందవాణి' పత్రికలో పనిచేశారు. రజాకార్ల దురాగతాల మీద కడుపు మండి రాసిన 'త్వమేవాహం' 1949లో వచ్చింది. ఆ తర్వాత సినిమా పాటలు. కృష్ణ కౌబాయ్ వేషం కట్టిన 'మోసగాళ్లకు మోసగాడు'కి రచనా ఆయనదే. నాలుగు పొట్టి పాదాల్లో నవ్విస్తూ గిల్లే కూనలమ్మ పదాలూ ఆయనవే. చదరంగం మీద కూడా పుస్తకం రాశారు. 1987లో 'గురజాడ గురుపీఠం'కి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 1998లో వెళ్లిపోయారు.

ఇన్ని పనుల మధ్య డిటెక్టివ్ నవలలు కూటి కోసం రాసుకున్నవని తేల్చేయడం తేలిక. నేనూ అలాగే అనుకున్నాను. సమగ్ర ఆంధ్ర సాహిత్యం చదువుతుంటే ఆ మాట మీద అనుమానం వచ్చింది. 1965 నుంచి పన్నెండు సంపుటాలుగా వచ్చిన ఆ చరిత్రలో ఆయన ఒక కవి కాలం తేల్చాలంటే శాసనం చూస్తారు, కృతి పుచ్చుకున్నవాడి వంశం చూస్తారు, ముందువాళ్లు చెప్పినదాన్ని నిలదీస్తారు. సాక్ష్యం లేని మాట ఎంత పెద్దవాళ్లదైనా ఊరికే ఒప్పుకోరు. 'రాముడికి సీత ఏమౌతుంది?' అని మనం వెక్కిరింతగా వాడే సామెతనే పుస్తకానికి పేరుగా పెట్టి, దశరథ జాతకంలో చెల్లెలనీ, ఇంకోచోట రావణుడి కూతురనీ ఉన్న కథలన్నీ బయటికి లాగి విచారణ చేశారు. ఇది డిటెక్టివ్ పని కాకపోతే మరేమిటి?

ఇదంతా నాన్నకి చెప్పాను, టెక్కాలో కోపి తాగుతూ. చివరికి అసలు సంగతీ చెప్పేశాను. "మీ గ్లాసు నేనే అమ్మేశాను నాన్నా, కిలోల లెక్కన."

"తెలుసులేరా. పెట్టెలో లేకపోతే ఎక్కడికి పోతుంది?" అన్నారు. కోపి ఊదుకుని ఒక గుక్క తాగారు. "కాలేజీలో ఉండగా నా స్నేహితుడొకడు త్వమేవాహం చదవమని ఇచ్చాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ మర్నాడే తిరిగిచ్చేశాను. తర్వాత రైల్లో ఈ గ్లాసు చదివాను. బాగా పట్టుకుంది. రాసిందెవరా అని చూస్తే ఆయనే! ఇంత తేటగా రాయగలిగినవాడు అక్కడ అంత మెలిపెట్టి రాశాడంటే ఏదో ఉండే ఉంటుందని త్వమేవాహం డబ్బులిచ్చి కొన్నాను. నువ్వు దాచుకున్నది అదే."

ఇంటికొచ్చాక త్వమేవాహం తీసి ఆయన చేతిలో పెట్టాను. కళ్లజోడు తుడుచుకుని రెండు పేజీలు చదివి, "ఇప్పటికీ సగమే అర్థమైంది" అని నవ్వారు.

"గ్లాసు కథేంటి నాన్నా?"

"చెప్పేస్తే ఇంకేముంది? వెతుక్కుని చదువుకో."

వెతుకుతున్నాను. మీ ఇంట్లో ఎక్కడైనా, అట్ట లేకపోయినా సరే, ఒక ప్రతి ఉంటే చెప్పండి. తూకానికి మాత్రం వేయకండి.