పెరట్లో తుంగ

విశాఖపట్నం నుంచి ఓడలో వచ్చిన సామాను ఇంకా సగం కూడా విప్పలేదు. పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) మాకిచ్చిన క్వార్టర్స్ వెనక పెరడంతా పచ్చగా గడ్డి. ఇది మాకు ఐదో బదిలీ. ఎడారి పక్కన ఉన్నాం, తేయాకు తోటల పక్కన ఉన్నాం, ఎక్కడికి వెళ్ళినా నాలుగు బెండ విత్తనాలు వేసుకోవడం మా అలవాటు. ఈసారి మాత్రం ఐదో తరగతి చదివే మా అమ్మాయి ఒప్పుకోలేదు.

"ఎందుకు నాటడం? కాయలు కాసేసరికి వెళ్ళిపోతాం కదా. పోయినసారీ అంతే కదా!"

నిజమే. పోయిన ఊళ్ళో సొరపాదు పిందె వేసిన వారంలోనే మా పేరు జాబితాలో వచ్చింది. జవాబేమీ దొరక్క ఊరుకున్నాం. నాటడం సంగతి తరువాత, ముందు గడ్డి పీకుదాం అనుకున్నాం. ఆదివారం ముగ్గురం కూర్చుని పెరడంతా శుభ్రంగా పీకేశాం. వారం తిరిగేసరికి మళ్ళీ అంతా పచ్చగా మొలిచింది. ఇక్కడ ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందుకే అనుకున్నాం. మళ్ళీ పీకాం. మళ్ళీ వచ్చింది.

శ్రీకాకుళం జిల్లాలో ఉన్న అమ్మమ్మకు వీడియో కాల్‌లో చూపిస్తే ఆవిడ నవ్వింది. "అది గడ్డి కాదే బంగారూ, తుంగ. ఆకు పీకితే మళ్ళీ వస్తాది. కింద గడ్డుంటాది, అది తియ్యాల."

మేము సిగ్గుపడ్డాం. ఎందుకంటే 'తుంగలో తొక్కడం' అనే జాతీయాన్ని నాలుగు బడుల్లో పాఠంగా చెప్పాం. నిబంధనలను తుంగలో తొక్కారు, మాటను తుంగలో తొక్కారు అని సొంత వాక్యాలు రాయించాం. బురదలో గుబురుగా పెరిగే మొక్క అనీ, అందులో పడేసి తొక్కినది ఇక కనపడదనీ వివరించాం. మా కాళ్ళ కిందే ఉన్నా ఆ మొక్కను గుర్తుపట్టలేకపోయాం.

మర్నాడు కొన్ని మొక్కలు తరగతికి పట్టుకెళ్ళాం. "తుంగగడ్డి అంటారు కదా సార్, మరి గడ్డే కదా?" అని ఒకడు అడిగాడు. మంచి ప్రశ్నే. మీరూ ఒక కాడ తెంపి వేళ్ళ మధ్య దొర్లించి చూడండి. గడ్డి కాడ గుండ్రంగా ఉండి సాఫీగా దొర్లుతుంది. తుంగ కాడకు మూడు అంచులుంటాయి, ఆగి ఆగి దొర్లుతుంది. గడ్డి కాడ మీద కణుపులుంటాయి, మధ్యలో సాధారణంగా బోలుగా ఉంటుంది. తుంగ కాడ కణుపులు లేకుండా నునుపుగా లేస్తుంది, లోపల బెండు నిండి ఉంటుంది. గడ్డి ఆకులు రెండు వైపులకే వస్తాయి, తుంగ ఆకులు మూడు వైపులకు. అందుకే శాస్త్రజ్ఞులు గడ్డిని పోయేసీ కుటుంబంలో, తుంగను సైపరేసీ కుటుంబంలో పెట్టారు. పోయేలీస్ అనే పెద్ద క్రమంలో రెండూ దాయాదులే. సైపరేసీలో ఐదు వేలకు పైగా జాతులున్నాయి. మన పెరటి తుంగకు 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు సైపరస్ రొటండస్. రొటండస్ అంటే గుండ్రనిది. మూడంచుల మొక్కకు గుండ్రం పేరేమిటని పిల్లలు నవ్వారు. మట్టిలోంచి గడ్డ తీసి చూపిస్తే నవ్వు ఆగింది.

ఆ గడ్డలే తుంగముస్తలు. గోరుతో గిల్లితే సువాసన. మా అమ్మాయి ఒకటి లాగితే దారం లాంటి వేరుకాండంతో ఇంకొకటి, దాని వెనక మరొకటి, పూసల దండలా వచ్చాయి. ఒక్క మొక్క వెనక పదకొండు లెక్కపెట్టింది. ఆయుర్వేదంలో దీన్ని ముస్త అంటారు. జ్వరానికి ఇచ్చే షడంగ పానీయంలోని ఆరింటిలో ఇదొకటి. (మీరు తవ్వి మరిగించుకు తాగకండి, అది వైద్యుడి పని.) అమ్మమ్మ ఎండబెట్టి దంచి సున్నిపిండిలో కలిపేదట. కాళిదాసు శాకుంతలంలో అడవిపందులు మడుగుల్లో తవ్వుకు తినేది కూడా ఈ ముస్తనే. అమ్మమ్మ ఇంట్లోని తుంగచాప మాత్రం దీనిది కాదు, దీని పొడవాటి బంధువు కాడలతో నేసినది. ఈజిప్టు వాళ్ళు రాసుకున్న పపైరస్ కూడా సైపరస్సే. ఇంత గొప్ప వంశం కదా, అయినా 1977లో అచ్చయిన కలుపు మొక్కల పుస్తకంలో ప్రపంచంలోకెల్లా చెడ్డ కలుపు అనే మొదటి స్థానం మన తుంగకే దక్కింది! పెరడు చూశాక మేమూ కాదనలేం.

మా వరసలో ఎవరిని అడిగినా ఆ మొక్క తెలుసు. రాంచీ వైపు నుంచి వచ్చినవాళ్ళు మోథా అన్నారు. బెంగాలీ ఇంట్లో ముథా, మలయాళీ టీచరమ్మ ముత్తంగ, తమిళులు కోరై అన్నారు. మోథా, ముథాల వెనక సంస్కృత ముస్తే ఉంది. తుంగ, కోరై ఎవరి సొంతం వాళ్ళవి.

దాన్ని వదిలించుకునే ఉపాయం కూడా పక్కింటి ఆవిడే చెప్పింది. మన ఊళ్ళో అయితే ఎండాకాలం దున్ని గడ్డల్ని ఎండనిస్తారు. ఇక్కడ వాన ఎండనివ్వదు. కానీ తుంగకు నీడ పడదు. గడ్డలు తీసినన్ని తీసి, వెంటనే ఏదైనా దట్టంగా పాకే తీగ వెయ్యాలి. అంటే నాటాలి!

మా అమ్మాయి రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు తనే పక్కింటి నుంచి గుమ్మడి విత్తనాలు అడిగి తెచ్చింది. "కాయల కోసం కాదు, నీడ కోసం" అని ముందే చెప్పింది.

ఇప్పుడు తీగ పెరట్లో సగం కమ్మేసింది. దాని కింద తుంగ పలచబడింది, అంచుల్లో ఇంకా లేస్తూనే ఉంది. పసుపు పూలు వచ్చాయి, పిందె ఒక్కటే నిలిచింది. బదిలీల జాబితా ఇంకా రాలేదు. మొన్న వంటింటి తలుపు వెనక ఒక కాగితం అంటించి ఉంది. తరువాత వచ్చేవాళ్ళది ఏ భాషో తెలియదు కాబట్టి, పైన ఐదు పేర్లూ వరసగా రాసింది మా అమ్మాయి: తుంగ, మోథా, ముథా, ముత్తంగ, కోరై. వాటి కింద హిందీలో ఒక వాక్యం. ఆకు పీకొద్దు, గడ్డ తీయండి, గుమ్మడితీగ కొయ్యొద్దు అని.