రెక్కల నీడన ఒక అమానతు

ఉమ్రా యాత్రకు బయలుదేరేవారి చూపులు విమానాశ్రయంలో సాధారణంగా రెండే వైపులకు పోతాయి. ఒకటి చేతిలోని దుఆల పుస్తకం, రెండవది గోడమీది గడియారం. మీఖాత్ ఆకాశంలోనే దాటవలసి ఉంటుంది కనుక పురుషులలో చాలామంది అప్పటికే ఇహ్రామ్ ధరించి ఉంటారు. శంషాబాద్‌లో ఆ రోజు మా అమ్మ మాత్రం గేటు దగ్గర అద్దాల గోడకు ఆవలివైపే చూస్తూ కూర్చుంది. "నాయనా, ఆ అబ్బాయి పాపం ఏదో పోగొట్టుకున్నట్లున్నాడు, చూడు" అన్నది.

మెరిసే పసుపుపచ్చ కోటు తొడుక్కున్న ఒక యువకుడు, విమానం వచ్చి నిలవవలసిన ఖాళీ స్థలాన్ని తల వంచుకొని పరిశీలిస్తూ నడుస్తున్నాడు. ఒకచోట వంగి ఏదో ఏరి పక్కనున్న డబ్బాలో వేశాడు. అతడు పోగొట్టుకున్నదేమీ లేదు. పెట్టె నుంచి ఊడిన చక్రమో, బోల్టో అక్కడ పడివుంటే ఇంజిను దానిని లోనికి లాగుకోవచ్చు, లేదా అది టైరును చీల్చవచ్చు. 2000 జూలై 25న ప్యారిస్‌లో కాంకార్డ్ విమానం కూలి 113 మంది మరణించిన దుర్ఘటనకు మూలం, మరొక విమానం నుంచి రన్‌వేపై రాలిపడిన ఒక లోహపు పట్టీ. దారి నుంచి హానికరమైన వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని దైవప్రవక్త (స) బోధించారు. ఆ బోధన వినగానే మనకు వీధిలోని ముల్లు గుర్తుకు వస్తుంది. విమానం నిలిచే చోట ఆ ముల్లు ఒక బోల్టు రూపంలో ఉంటుంది.

కొంతసేపటికి విమానం వచ్చి ఆగింది. సామాను బండ్లు, నిచ్చెన బండి, ఇంధనపు వాహనం అన్నీ సిద్ధంగా ఉన్నా, నేలపై గీసిన ఎర్రని గీత దాటి ఒక్కటీ ముందుకు రాలేదు. విమానం పొట్టకింద ఎర్రదీపం మినుకుమినుకుమంటున్నంతసేపు ఇంజిన్లు తిరుగుతున్నాయనే భావించాలి. ఆ దీపం ఆరాలి, చక్రాలకు ముందూ వెనుకా అడ్డు దిమ్మెలు పడాలి. ఆ తర్వాతే మిగతావారి పని. 2015 డిసెంబరులో ముంబయి విమానాశ్రయంలో, బయలుదేరుతున్న విమానం పక్కన నిలబడివున్న ఒక సాంకేతిక ఉద్యోగిని దాని ఇంజిను లోనికి లాగివేసింది. సంకేతాన్ని అర్థం చేసుకోవడంలో జరిగిన పొరపాటు ఒక నిండు ప్రాణాన్ని బలిగొన్నది. చక్రాల కింద దిమ్మెలు పెడుతున్న వ్యక్తిని చూపించి అమ్మతో, "ఒంటెను కట్టి ఆ పిమ్మట అల్లాహ్‌పై భారం వేయమన్న బోధన ఇదేనమ్మా" అన్నాను. అమ్మ నవ్వింది.

సామాను ఎక్కించే బెల్టు బండి నడక వేగంతో వచ్చింది. దగ్గరకు రాకముందే ఒకసారి ఆగి, బ్రేకులు సరిగా పడుతున్నాయో లేదో చూసుకొని, దారి చూపే వ్యక్తి చేతి సైగను అనుసరించి మెల్లగా కదిలింది. తలుపుకు ఆనుకోకుండా కొంత ఎడంగా నిలిచింది. బరువు ఎక్కేకొద్దీ విమానం కొద్దికొద్దిగా కిందికి దిగుతుంది. ఆ ఎడం లేకపోతే బండి అంచు విమానానికి తగులుతుంది.

అంత జాగ్రత్త ఎందుకని అనిపించవచ్చు. విమానపు పైరేకు మందం చాలాచోట్ల ఒకటి రెండు మిల్లీమీటర్లే. అది ఆకాశంలో ఎత్తుకు చేరినప్పుడు లోపలి గాలి ఒక్కొక్క చదరపు మీటరుపై ఐదు టన్నులకు పైగా బలంతో బయటకు నెడుతుంది. 2005 డిసెంబరు 26న అమెరికాలోని సియాటిల్ నుంచి బయలుదేరిన ఒక విమానం సుమారు 26 వేల అడుగుల ఎత్తులో ఉండగా, దాని పక్కభాగంలో అడుగు పొడవు, అరడుగు వెడల్పు గల రంధ్రం పడింది. లోపలి గాలి పీడనం పడిపోయింది. పైలట్లు చాకచక్యంగా వెనుకకు తిప్పి దించడంతో అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. గేటు దగ్గర పనిచేసిన ఒక కార్మికుడు తన వాహనం విమానానికి రాసుకున్నదని తర్వాత అంగీకరించాడు. ఆ మాటను అతడు విమానం కదలకముందే చెప్పవలసింది.

ఈనాటి కొన్ని విమానాల శరీరం లోహం కాదు, పొరలు పొరలుగా అతికిన మిశ్రమ పదార్థం. దెబ్బ తగిలితే పైన గీత కూడా కనిపించకపోవచ్చు. లోపల మాత్రం పొరలు విడిపోయి ఉంటాయి. పైన పొడిగా, అడుగున తడిగా ఉన్న ధాన్యపు రాశిలో చేయిపెట్టి చూసి, లోపాన్ని దాచడాన్ని దైవప్రవక్త (స) ఎంత తీవ్రంగా గర్హించారో మనకు తెలుసు. విమానం కింద లోపాన్ని దాచితే నష్టపోయేది కొనుగోలుదారుని సొమ్ము కాదు, వందలాది ప్రాణాలు. అందుకే అక్కడి నియమం సరళమైనది: తాకితే చెప్పాలి, చిన్నదైనా చెప్పాలి. ప్రయాణం ఆలస్యమైనా సరే, ఇంజినీరు చూసేవరకు విమానం కదలకూడదు.

చెప్పడం అంత సులువు కాదు. ఉద్యోగం పోతుందేమోనన్న భయం నాలుకను పట్టి ఉంచుతుంది. మన ఇళ్ళ నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళి ఇటువంటి పనులు చేస్తున్న బిడ్డలకు ఆ భయం మరింత ఎక్కువ. వెనుక అప్పులుంటాయి, చెల్లెలి పెళ్ళి ఉంటుంది. అందుచేతనే, నిజాయితీగా చెప్పినవానిని శిక్షించకూడదన్న సూత్రాన్ని విమానయాన రంగం క్రమంగా స్వీకరించింది. శిక్షకు భయపడి అందరూ మౌనం వహిస్తే ప్రమాదం మాత్రం మౌనంగా ఉండదు.

ఈ సూత్రం అమలు కావలసిన మొదటి చోటు మన ఇల్లే. గాజుగ్లాసు పగులగొట్టి వచ్చి ఒప్పుకున్న పిల్లవాణ్ణి కొడితే, వాడు మరుసటిసారి గాజుముక్కలను చాప కింద దాచుతాడు. అవి ఎవరి కాలిలోనో గుచ్చుకుంటాయి. నిజం చెప్పినందుకు దగ్గరకు తీసుకున్న బిడ్డ, రేపు ఏ విమానం కింద నిలబడినా, ఎవరూ చూడకపోయినా నిజమే చెబుతాడు. అల్లాహ్ చూస్తున్నాడన్న స్పృహకు అమ్మానాన్నల ఒడిలోనే పునాది పడుతుంది.

విమానం ఎక్కే పిలుపు వచ్చింది. సీటులో కూర్చున్నాక అమ్మ ప్రయాణ దుఆ చదివి, కిటికీలో నుంచి కిందికి చూసింది. పసుపుపచ్చ కోటు అబ్బాయి చక్రాల దిమ్మెలు తీసి పక్కకు జరిగి నిలబడ్డాడు. అమ్మ పెదవులు మళ్ళీ కదిలాయి. ఈసారి దుఆ అతని కోసం.